సీపీయూలు స్టేషన్‌కు పోయినా దుకాణం నడవాలంటే: చిన్న కంప్యూటర్ వ్యాపారులకు డేటా రక్షణ మార్గదర్శి

హనుమకొండలో కేయూ క్రాస్‌రోడ్డుకు కాస్త దూరంలో నాకు చిన్న కంప్యూటర్ దుకాణం ఉంది. నాలుగు సిస్టమ్‌లు, రెండు ప్రింటర్లు, ఒక జిరాక్స్ మిషన్. పొద్దున ఆన్‌లైన్ అప్లికేషన్లు, మధ్యాహ్నం డీటీపీ, రాత్రి షట్టర్ సగం దించాక టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వ్యాపారుల లెక్కలు. కొన్నేళ్ల కింద ఒక మధ్యాహ్నం ముగ్గురు పోలీసులు వచ్చారు. ఎవరో కుర్రాడు మా సిస్టమ్ మీద కూర్చొని మార్కుల మెమో స్కాన్ చేసి, అంకెలు దిద్ది, ప్రింటు తీసుకుపోయాడట. నా మీద కేసు లేదు, నేను సాక్షిని మాత్రమే. అయినా నాలుగు సీపీయూలు, సీసీ కెమెరా డీవీఆర్, నా ఫోన్, టేబుల్ మీదున్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ అన్నీ ఆటో ఎక్కాయి.

నా బ్యాకప్ మొత్తం ఆ హార్డ్ డిస్క్‌లోనే ఉంది. ఆ రోజు తేదీ 18. 20 లోపు ఇరవై ముగ్గురు వ్యాపారుల జీఎస్టీ 3బీ రిటర్నులు (నెలవారీ పన్ను లెక్కలు) వేయాలి.

ఆ రెండు రోజులు నేను పడ్డ టెన్షన్ ఇంకొకరు పడొద్దని ఇది రాస్తున్నాను. ముందే ఒక మాట. పోలీసులకు దొరక్కుండా డేటా దాచడం గురించి కాదు ఇది. చట్టప్రకారం సామాను తీసుకెళ్లే అధికారం వాళ్లకుంది, తీసుకెళ్తే తీసుకెళ్లనివ్వండి. మర్నాడు పొద్దున మన పని ఆగకూడదు, మనల్ని నమ్మి కాగితాలిచ్చిన వాళ్లు మునగకూడదు. ఇక్కడ చెప్పేదంతా దాని కోసమే.

మొదటి పని: ఏది పోతే పని ఆగుతుందో కాగితం మీద రాయండి

కంప్యూటర్ ముందు కూర్చోకండి. నోట్‌బుక్ తీసుకొని, రేపు దుకాణంలో గోడలు తప్ప ఏమీ లేవనుకొని రాయండి. టాలీ డేటా, జీఎస్టీ లాగిన్లు అందరికీ గుర్తొస్తాయి. గుర్తురానివే ముంచుతాయి. నా లిస్టులో తర్వాత తేలినవి ఇవి: టాలీ సీరియల్ నంబరు, అది ఏ మెయిల్ ఐడీ మీద ఉందో ఆ మెయిల్ పాస్‌వర్డ్, కస్టమర్ల డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు (ఆన్‌లైన్ సంతకానికి వాడే పెన్‌డ్రైవ్ లాంటివి), బాకీల లెక్క రాసుకున్న ఒక ఎక్సెల్ షీట్, పెళ్లికార్డుల పాత డిజైన్లు, వాట్సాప్‌లో గిరాకీ పంపిన ఆధార్ ఫొటోలు, బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌లు. ఈ చివరిది చాలామందికి తట్టదు. ఏళ్ల తరబడి బ్రౌజరే పాస్‌వర్డ్ నింపుతుంటే మనకు అది ఎప్పుడో మర్చిపోయి ఉంటుంది.

అదే నోట్‌బుక్‌లో వెనక పేజీల్లో సామాను లిస్టు కూడా రాయండి. కంపెనీ, మోడల్, సీరియల్ నంబర్, కొన్న బిల్లు తేదీ. సీపీయూ మూత విప్పి లోపలి హార్డ్ డిస్క్ లేబుల్‌ను ఫొటో తీయండి. ఇది ఎందుకో నాకు పంచనామా చదివినప్పుడు తెలిసింది. అందులో ‘నల్లరంగు సీపీయూ – 4’ అని మాత్రమే ఉంది. మా దగ్గరున్నవి నాలుగూ నల్లవే. సామాను తిరిగొచ్చినప్పుడు ఒక డిస్క్ పనిచేయలేదు. అది నాదేనా, స్టోర్ రూంలో తారుమారైందా అని అడగడానికి నా దగ్గర ఒక్క నంబరు కూడా లేదు.

రెండో పని: కాపీ ఇంకో కప్పు కింద ఉండాలి

ఒకే గదిలో ఉన్న కాపీలన్నీ ఒకే కాపీ కింద లెక్క. సీపీయూలో ఒకటి, ఎక్స్‌టర్నల్‌లో ఒకటి, డ్రాయర్‌లో పెన్‌డ్రైవ్‌లో ఒకటి ఉన్నాయని మనం మూడు లెక్కపెడతాం. సోదా చేసేవాళ్లకు, దొంగకు, వానకు అవన్నీ ఒక్కటే. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డప్పుడు వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. అప్పుడూ గ్రౌండ్ ఫ్లోర్ దుకాణాల్లో సీపీయూ, దాని పక్కనున్న బ్యాకప్ కలిసే మునిగాయి.

కంప్యూటర్ పనివాళ్లు 3-2-1 అంటారు. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. నాకు కుదిరిన పద్ధతి ఇది.

రోజూ రాత్రి దుకాణం కట్టేసే ముందు టాలీ బ్యాకప్. టాలీప్రైమ్‌లో ఆల్ట్, వై నొక్కితే డేటా మెనూ వస్తుంది, అందులో బ్యాకప్ ఉంది. ఐదు నిమిషాల పని. ఆ ఫైలును క్లౌడ్‌లో పెడతాను. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ టాలీ లెక్కలకు చాలు, డీటీపీకి చాలదు. తేదీ వారీగా వేర్వేరు ఫోల్డర్లలో పెట్టండి. పాతదాని మీదే కొత్తది రాస్తూ పోతే, చెడిపోయిన ఫైలు మంచి ఫైలును మింగేస్తుంది.

ఇంకో సంగతి. గూగుల్ డ్రైవ్ ఫోల్డర్‌ను కంప్యూటర్‌తో సింక్ చేసి అదే బ్యాకప్ అనుకుంటారు. కాదు. కంప్యూటర్‌లో చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. రాన్సమ్‌వేర్ (డబ్బు కోసం ఫైళ్లకు తాళం వేసే వైరస్) పడి ఫైళ్లు తాళం పడితే అక్కడా తాళం పడిన ఫైళ్లే చేరతాయి. సింక్ అవతలి గదిలో పెట్టిన అద్దం లాంటిది, మనం ఇక్కడ ఏం చేస్తే అక్కడా అదే కనిపిస్తుంది.

వారానికోసారి పెద్ద కాపీ. నా దగ్గర రెండు హార్డ్ డిస్క్‌లు ఉన్నాయి, మూత మీద పసుపు చుక్క ఉన్నదొకటి, కుంకుమ చుక్క ఉన్నదొకటి. ఆదివారం పసుపు చుక్క డిస్క్‌లోకి అంతా ఎక్కించి పరకాలలో మా అక్క ఇంటికి తీసుకెళ్తాను, అక్కడున్న కుంకుమ చుక్క డిస్క్ వెనక్కి తెస్తాను. పరకాల దాకా వద్దనుకుంటే కాజీపేటలో చుట్టాలిల్లయినా చాలు. దుకాణం పైన ఇల్లుంటే మాత్రం అది వేరే చోటు కింద రాదు. సోదా ఆర్డరులో ఇల్లు కూడా ఉండొచ్చు.

బయట పెట్టే డిస్క్‌కు పాస్‌వర్డ్ తాళం తప్పనిసరి. అందులో ఇతరుల పాన్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉంటాయి, పిల్లలు ఆటకు తీసుకుపోయి ఎక్కడో పడేసినా ఎవరూ తెరవలేకపోవాలి. విండోస్ ప్రో ఉంటే అందులోనే బిట్‌లాకర్ ఉంది, హోమ్ ఉంటే ఉచితంగా దొరికే వెరాక్రిప్ట్ వాడండి. బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ ఇస్తుంది. దాన్ని ప్రింటు తీసి బీరువాలో బంగారం పెట్టే అరలో పెట్టండి. డిస్క్ సంచిలోనే ఆ కాగితం పెట్టే మహానుభావులూ ఉన్నారు.

డీటీపీ చేసేవాళ్లకు ఒక ప్రత్యేక హెచ్చరిక. పాత పేజ్‌మేకర్ ఫైళ్లు కాపీ చేసుకున్నాం కదా అని నిశ్చింతగా ఉండకండి. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు యూనికోడ్ కాదు. ఆ ఫాంట్లు లేని సిస్టమ్‌లో ‘శుభలేఖ’ తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల గందరగోళమే కనిపిస్తుంది. ఫైళ్లతో పాటు ఫాంట్లు, సాఫ్ట్‌వేర్ సెటప్, లైసెన్స్ కూడా కాపీలో ఉండాలి. కొత్త పనులకైతే మండలి, మల్లన్న, రామభద్ర లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లకు మారిపోవడం మేలు.

నెలకోసారి ఆ కాపీని వేరే సిస్టమ్‌లో తెరిచి చూడండి. చూడని బ్యాకప్ ఉందో లేదో తెలియనట్టే. నేను మొదటిసారి స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో రిస్టోర్ చేసి చూస్తే పంతొమ్మిది కంపెనీలే వచ్చాయి. మిగతా నాలుగూ వేరే ఫోల్డర్‌లో ఉన్నాయి, నేను ఏడాదిగా వాటిని బ్యాకప్ చేయనేలేదు. ఏనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తీ నడిపే ఆయన లెక్కలు కూడా ఆ నాలుగింటిలోనే ఉన్నాయి.

మూడో పని: డేటా ఉన్నా తాళంచెవి లేకపోతే

ఫోన్ పోవడం సీపీయూ పోవడం కన్నా పెద్ద దెబ్బ. జీఎస్టీ, ఇన్‌కంటాక్స్, బ్యాంకు, మెయిల్ అన్నిటికీ ఓటీపీ ఆ ఫోన్‌కే వస్తుంది.

గూగుల్ ఖాతాలో టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుంటే పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటి ఎనిమిది అంకెలు. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. ఫోన్ లేకపోయినా లాగిన్ కావచ్చు. ప్రింటు తీసి ఇంట్లో పెట్టండి. రికవరీ నంబరుగా ఇంట్లో ఇంకొకరి నంబరు ఇవ్వండి. పాస్‌వర్డ్‌లకు ఒక పాస్‌వర్డ్ మేనేజర్ (అన్నిటినీ ఒకే తాళం కింద దాచే యాప్) వాడి, దాని మాస్టర్ పాస్‌వర్డ్ బుర్రలో ఉంచుకోండి.

కస్టమర్ల జీఎస్టీ ఖాతాలో మీ నంబరు, మీ మెయిల్ పెట్టే అలవాటుంటే ఇవాళే మానేయండి. ఓటీపీ వాళ్లకే రావాలి, మనం ఫోన్ చేసి అడగాలి. పనిలో కాస్త విసుగే, కానీ మన ఫోన్ స్టేషన్‌లో ఉన్న రోజు ఆ విసుగే కాపాడుతుంది. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు కూడా అంతే. పని కాగానే ఎవరిది వాళ్లకు ఇచ్చేయండి. ఇరవై టోకెన్లు డ్రాయర్‌లో దొరికితే మీరే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

డూప్లికేట్ సిమ్ తీసుకుంటే మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. అంటే ఓటీపీ ఒక రోజు ఆలస్యం. 19న సిమ్ తీసుకుంటే 20న పని మొదలవుతుంది. పైగా సీజ్ అయిన ఫోన్ నంబరుకు చెప్పకుండా కొత్త సిమ్ తీస్తే అనుమానం వస్తుంది. దర్యాప్తు అధికారికి ఒక చిన్న కాగితం రాసిచ్చి, దాని నకలు మీద సంతకం తీసుకొని అప్పుడు సిమ్ తీసుకోండి.

నాలుగో పని: గిరాకీ కూర్చునే సిస్టమ్ వేరు, లెక్కల సిస్టమ్ వేరు

నా తప్పు ఇక్కడే ఉంది. గిరాకీ లేనప్పుడు ఖాళీ సిస్టమ్‌లో కూర్చొని టాలీ కొట్టేవాణ్ని. అందుకే ఒక కుర్రాడు చేసిన పనికి నాలుగూ పోయాయి. ఏ సిస్టమ్‌లో ఆ పని జరిగిందో నేను గట్టిగా చెప్పలేకపోయాను, వాళ్లు అన్నీ తీసుకెళ్లారు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్నేమో.

ఇప్పుడు సిస్టమ్‌ల మీద పెద్ద అంకెలు అతికించాను. 1, 2, 3 గిరాకీకి. 4వది కౌంటర్ వెనక, నేను తప్ప ఎవరూ ముట్టుకోరు. జనం కూర్చొని ఇంటర్నెట్ వాడే చోటైతే 2011 సైబర్ కెఫే నిబంధనలు వర్తిస్తాయి. గుర్తింపు కార్డు చూడాలి, ఎవరు ఏ సిస్టమ్‌లో ఏ సమయంలో కూర్చున్నారో రిజిస్టర్ రాయాలి, అది కనీసం ఏడాది భద్రంగా ఉండాలి. క్యాబిన్ల మధ్య అడ్డం నాలుగున్నర అడుగులు మించకూడదు. ఈ రిజిస్టర్‌ను గవర్నమెంటు తలనొప్పి అనుకునేవాణ్ని. ‘ఫలానా రోజు మూడున్నరకు 2వ నంబరులో ఫలానా ఐడీతో కూర్చున్నాడు’ అని చూపించగలిగితే ఒక్క సీపీయూతో పోయే వీలుంటుంది. గ్యారంటీ లేదు, వీలు మాత్రమే.

క్రాక్ సాఫ్ట్‌వేర్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన దగ్గర డీటీపీ సెంటర్లలో ఇది బహిరంగ రహస్యం. కాపీరైట్ చట్టం 64వ సెక్షన్ కింద ఎస్సై, ఆపై స్థాయి అధికారి వారంట్ లేకుండానే దొంగ కాపీలను సీజ్ చేయవచ్చు. 63బీ ప్రకారం తెలిసి దొంగ సాఫ్ట్‌వేర్ వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల జరిమానా. కొనలేకపోతే లిబ్రెఆఫీస్, గింప్, ఇంక్‌స్కేప్ ఉన్నాయి. మొదట్లో చేయి తిరగదు, నెలలో అలవాటవుతుంది.

ఐదో పని: వాళ్లు తలుపు దగ్గరికొచ్చిన రోజు

ముందు ‘కూర్చోండి సార్’ అనండి. నిజంగానే. నేను గొంతు పెంచి ఆ పది నిమిషాలు పాడుచేసుకున్నాను.

ఎవరు, ఏ స్టేషన్, ఏ కేసు నంబరు అని మర్యాదగా అడిగి రాసుకోండి. వెంటనే లాయర్‌కు ఫోన్ చేయండి. ఆయన నంబరు గోడ మీద కూడా ఉండాలి, ఫోన్ చేతిలో ఉంటుందన్న నమ్మకం లేదు. సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత)లో 105వ సెక్షన్ ప్రకారం సోదాను, స్వాధీనాన్ని, లిస్టు రాసి సాక్షులు సంతకం పెట్టడాన్ని ఆడియో, వీడియోలో రికార్డు చేయాలి. ‘సార్, వీడియో తీస్తున్నారా’ అని అడగడంలో తప్పు లేదు.

తీసుకెళ్లే ప్రతి వస్తువూ లిస్టులో రావాలి, సీరియల్ నంబరుతో సహా. నోట్‌బుక్ తీసి మీరే చదివి వినిపించండి, రాసే కానిస్టేబుల్‌కూ పని తేలికవుతుంది. హార్డ్ డిస్క్ కాపీ అక్కడే తీస్తుంటే దాని హ్యాష్ విలువ పంచనామాలో రాయమనండి. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది, లోపల ఒక్క అక్షరం మారినా విలువ మారిపోతుంది. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లోనూ దానికి చోటుంది. లిస్టు నకలు అడిగి తీసుకోండి. చదవకుండా, ఖాళీ కాగితం మీద, సంతకం పెట్టొద్దు.

మొత్తం సిస్టమ్ ఎందుకు, ఫలానా ఫైళ్లు కావాలంటే తీసిస్తానని అడిగి చూడండి. పత్రాలు, ఎలక్ట్రానిక్ రికార్డులు సమర్పించమని నోటీసు ఇచ్చే అవకాశం బీఎన్ఎస్ఎస్ 94వ సెక్షన్‌లో ఉంది. ఒప్పుకుంటే మంచిది. ఒప్పుకోకపోతే వాదన పెంచకండి, అడిగామన్న సంగతి తర్వాత లాయర్ పిటిషన్‌లో రాస్తారు. పాస్‌వర్డ్ అడిగితే లాయర్‌తో మాట్లాడాకే జవాబివ్వండి.

వచ్చినవాళ్లు జీఎస్టీ అధికారులైతే దారి వేరు. తనిఖీ, సోదాలకు ఐఎన్ఎస్-01 అనే అధికార పత్రం ఉండాలి, స్వాధీనానికి ఐఎన్ఎస్-02 ఇస్తారు. జీఎస్టీ చట్టం 67వ సెక్షన్ ఐదో ఉపవిభాగం కింద పత్రాల నకళ్లు తీసుకునే హక్కు మనకుంది, దర్యాప్తుకు నష్టమని అధికారి అనుకుంటే తప్ప.

చేయకూడనిది ఒక్కటే, దాన్ని గట్టిగా చెబుతున్నాను. వాళ్లు మెట్లెక్కుతుండగా డిలీట్ నొక్కడం, మర్నాడు ఇంటి నుంచి లాగిన్ అయి క్లౌడ్ తుడిచేయడం, పరకాల డిస్క్‌ను చెరువులో వేయడం. సాక్ష్యంగా కోర్టు ముందుకు రాకుండా ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేయడం బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 241 కింద నేరం. సాక్షిగా ఉన్నవాణ్ని ముద్దాయిని చేసేది అదే. బయట కాపీ ఉందా అని అధికారి అడిగితే అబద్ధం ఆడొద్దు.

ఆరో పని: ఆ తర్వాతి 24 గంటలు

అద్దెకో, అరువుకో ఒక ల్యాప్‌టాప్ తెండి. డ్రైవ్ నుంచి నిన్నటి టాలీ ఫైలు దించండి. లైసెన్స్‌ను సీరియల్ నంబరు, మెయిల్ ఐడీతో కొత్త మిషన్‌కు మార్చుకోండి. గడువు దగ్గరున్న పనులు ముందు. 3బీ ఆలస్యమైతే రోజుకు యాభై రూపాయలు, నిల్ రిటర్న్ అయితే ఇరవై, పైన వడ్డీ. నా కేసులో బ్యాకప్ లేదు కాబట్టి వ్యాపారులందరి దగ్గరికీ బండి మీద తిరిగి బిల్లుబుక్కులు మూటగట్టుకొచ్చాను. జేపీఎన్ రోడ్డులో బట్టల దుకాణం ఆయన ‘ఏందన్నా, నా లెక్కలు ఠాణాల ఉన్నయా?’ అని అందరి ముందూ అడిగాడు. ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను.

కాబట్టి వాళ్లు ఊళ్లో వినకముందే మీరే ఫోన్ చేసి చెప్పండి. ఏం పోయింది, ఏం భద్రంగా ఉంది, ఎప్పటికి పని అవుతుంది, ఈ మూడే. కేసు గురించి కథ చెప్పొద్దు. బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు మార్చాలనిపిస్తే లాయర్‌ను ఒక మాట అడిగి మార్చండి. పాస్‌వర్డ్ మార్చడం వేరు, లోపలున్నది చెరపడం వేరు, కానీ రెండూ ఒకటే అని ఎవరైనా అనకుండా ఉండాలి.

ఏడో పని: సామాను వెనక్కి తెచ్చుకోవడం

ఇది దానంతట అది రాదు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళ్లిందంటే వరుసలో ఎప్పుడొస్తుందో చెప్పలేరు. నేను ‘వాళ్లే పిలుస్తారులే’ అని నాలుగు నెలలు కూర్చున్నాను. అదాలత్ దగ్గర ఒక సీనియర్ లాయర్ విని నవ్వాడు.

అడగాల్సింది స్టేషన్‌లో కాదు, మేజిస్ట్రేట్ కోర్టులో. లాయర్లు దీన్ని ఇంటరిమ్ కస్టడీ పిటిషన్ అంటారు, కేసు ఏ దశలో ఉందో బట్టి బీఎన్ఎస్ఎస్ 497 లేదా 503 కింద వేస్తారు. సామాను కోర్టు ముందుకొచ్చిన 14 రోజుల్లో దాని వివరాల పట్టిక తయారుచేసి, ఫొటో లేదా వీడియో తీయించి, ఆ తర్వాత 30 రోజుల్లో ఏం చేయాలో ఆదేశించాలని 497 చెబుతుంది. అంతకు ముందే 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు, సీజ్ చేసిన వస్తువులను పదిహేను రోజులు, మహా అయితే నెలకు మించి స్టేషన్‌లో ఉంచొద్దని చెప్పింది. పిటిషన్‌తో పాటు కొన్న బిల్లులు, సీరియల్ నంబర్ల లిస్టు, మీ మీద కేసు లేకపోతే ఆ సంగతి, రోజువారీ నష్టం లెక్క జతచేయండి.

అన్నీ ఒకేసారి రావని ముందే అనుకోండి. మానిటర్లు, ప్రింటర్లతో దర్యాప్తుకు పెద్దగా పనుండదు, వాటిని విడిగా అడగండి. డిస్క్ ఇవ్వడం కుదరదంటే దాని క్లోన్ కాపీ ఇప్పించమని ప్రత్యామ్నాయంగా కోరండి, ఖాళీ డిస్క్ మేమే కొనిస్తామని రాయండి.

నాకు పదకొండో నెలలో వచ్చాయి. గుడ్డసంచిలో, లక్క ముద్రతో. సంతకం పెట్టే ముందు సంచి విప్పించి ఒక్కోటీ లిస్టుతో పోల్చుకోండి, దెబ్బతిన్నది ఉంటే రసీదు మీదే రాయండి. ఇంటికి రాగానే ప్లగ్ పెట్టొద్దు. సామాను తీసుకునేటప్పుడు కోర్టుకు రాసిచ్చిన బాండ్‌లో ఏం షరతులు ఉన్నాయో చదవండి. అమ్మకూడదు, మార్చకూడదు, పిలిచినప్పుడు హాజరుపరచాలి అని సాధారణంగా ఉంటుంది. అలా ఉంటే విండోస్ మళ్లీ ఎక్కించడం కూడా మార్చడమే. నా నాలుగు డిస్క్‌లనూ, పనిచేయని దానితో సహా, విప్పి కాగితంలో చుట్టి, తేదీ రాసి బీరువాలో పెట్టాను. సీపీయూలకు కొత్త డిస్క్‌లు వేసుకోవడానికి లాయర్ కోర్టు అనుమతి తెచ్చాడు. మెమో కేసు ఇంకా నడుస్తోంది, పోయిన నెలలో కూడా సమన్లు వచ్చాయి.